నాలుగు దెబ్బల ఖాళీ

బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయనిదే నెవిల్ మెస్సం స్టీరింగు ముట్టుకోడు. టైర్లను బూటుకాలితో తన్ని చూస్తాడు. పక్క అద్దాలను మంచు పట్టినా పట్టకపోయినా తుడుస్తాడు. తలుపులు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, అంచున ఉన్న రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో రాసి చూస్తాడు. ఆ బుధవారం పొద్దున అతను రబ్బరు దగ్గరికి వచ్చేసరికి మాల్కం ఎదురొచ్చాడు. అదే డిపోలో అదే రూటు తోలే మనిషి. చేతిలో గులాబీరంగు ప్రకటన కాగితం ఒకటి ఉంది.

"ఒరేయ్ గాయకుడా! నీ పాట వేస్తున్నార్రా శనివారం."

"చూశాన్లే."

"పాత స్కేటింగు హాల్లోనట. మధ్యాహ్నం మొదలెట్టి, చీకటి పడకుండా ఇంటికి పంపించేస్తారట. మన వయసువాళ్ళకి సరిపోయే ఏర్పాటే. ఇంతకీ నువ్వు స్టేజీ ఎక్కి పాడతావా, లేక ఎప్పట్లాగే నోరు మూసుకుని పాడతావా?"

వెనక టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు పొలమారేట్టు నవ్వారు. నెవిల్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఆ హాస్యం వారం రోజులు సాగుతుందని అతనికి తెలుసు.

ఈ వేళాకోళం మా నార్తాంప్టన్‌లో ఒక వయసు దాటినవాళ్ళందరికీ తెలిసిందే. మేమంతా పాతికేళ్ళు నిండకముందు, పాడుబడ్డ గోదాముల్లో తెల్లార్లూ గెంతే రోజుల్లో, మా ఊరి కుర్రాళ్ళు చేసిన రికార్డు ఒకటి దేశమంతా తిరిగింది. పేరు ‘టిన్ రూఫ్’. రికార్డు నడుమ అంటించిన గుండ్రటి కాగితం మీద ‘కూర్పు: రాడ్నీ టిబ్స్, గొంతు: నెవిల్ మెస్సం’ అని అచ్చయి ఉంటుంది. తీరా వింటే అందులో గొంతన్నదే లేదు. ఉరుకులు పెట్టే డ్రమ్ములు ఉంటాయి, కడుపులో తిప్పే బేసు ఉంటుంది, పైన రేకుల మీద వాన కురిసినట్టు ఒక పియానో ఉంటుంది. మధ్యలో ఒకచోట మాత్రం అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నాలుగు దెబ్బలు పడాల్సిన చోట ఏమీ ఉండదు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలవుతుంది. మొట్టమొదటిసారి గోదాములో వేసినప్పుడు కరెంటు పోయిందనుకుని జనమంతా ‘ఓ’ అని అరిచారు. పోలేదని తెలిశాక ఇంకా గట్టిగా అరిచారు. అప్పట్నుంచి ఆ ఖాళీ వస్తే చాలు, చేతులెత్తి ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తారు. అరవకపోతే ఆ పాట విన్నట్టు కాదు.

నెవిల్ గొంతు ఉండాల్సింది ఆ ఖాళీలోనే. అచ్చుకిచ్చిన టేపు అంతమేర పాడై దాన్ని మింగేసింది. ఈ మాట అతను ముప్ఫై ఏళ్ళకు పైగా చెబుతున్నాడు, నిజమే చెబుతున్నాడు. కానీ సాక్ష్యం లేని నిజం మా ఊళ్ళో కోతల కింద జమ. ఏ పాపమూ ఎరగని మనిషి, అచ్చులో పేరున్న నేరానికి అబద్ధాలకోరు అయ్యాడు.

ఆ రోజు డ్యూటీ దిగుతుంటే రాడ్నీ నుంచి ఫోను వచ్చింది. "ఇంటికి పోకు. నేరుగా మా ఇంటికి రా. ఫోన్లో చెప్పేది కాదు."

రాడ్నీ టిబ్స్ లిఫ్టులు బాగుచేస్తాడు. పెళ్ళాం వెళ్ళిపోయాక వంటింటి వెనక గదిని తన సామాన్లతో నింపేశాడు. నెవిల్ వెళ్ళేసరికి ఆ గదిలో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పేరు హెస్టర్. పాత రికార్డులు మళ్ళీ అచ్చువేసే చిన్న కంపెనీ నడుపుతోంది. ‘టిన్ రూఫ్’ వచ్చిననాటికి ఆమె పుట్టలేదు. అయినా అందులో ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ పడుతుందో చేసినవాళ్ళకంటే బాగా తెలుసు.

"కూర్చో," అన్నాడు రాడ్నీ. అతని చేతిలో ఒక మామూలు క్యాసెట్టు ఉంది. "మా ఆవిడ, అదే, మాజీ ఆవిడ, గరాజు ఖాళీ చేస్తోంది. నా పెళ్ళి సూటు, ఒక బిస్కెట్ల డబ్బా గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయింది. మనిషి ఎంత మంచిదో విడిపోయాకే తెలిసిందిరా. డబ్బాలో ఇది ఉంది."

"ఏంటిది?"

"పాట చేసిన రోజు, పెద్ద టేపుకి ఎక్కిస్తూనే, కారులో వేసుకుందామని పక్కన దీన్లోకి కూడా ఎక్కించాను. ఎక్కించిన సంగతే మర్చిపోయాను చూడు."

రాడ్నీ క్యాసెట్టును దీపం కిందికి తెచ్చాడు. లోపల టేపును నొక్కిపట్టే చిన్న మెత్త పొడైపోతే, చిటికెన వేలి గోరంత ముక్క కత్తిరించి కొత్తది అతికించాడట. పెన్సిలు దూర్చి చక్రాన్ని నెమ్మదిగా తిప్పి, టేపు బిగువు చూసి, మిషన్లో పెట్టాడు. లిఫ్టు తాళ్ళు పట్టి పట్టి మొద్దుబారిన వేళ్ళు ఆ పని మాత్రం పసిపిల్ల జుట్టు దువ్వినట్టు చేశాయి. హెడ్‌ఫోన్లు తీసి నెవిల్ తలకి తనే తగిలించాడు.

ముందు బుస్సుమనే రొద వినపడింది. తర్వాత డ్రమ్ములు, పియానో. ఎన్ని వందలసార్లు విన్నాడో ఆ పాట. ఖాళీ వచ్చేచోటికి నెవిల్ భుజాలు అలవాటుగా బిగుసుకున్నాయి. ఖాళీ రాలేదు. డ్రమ్ములు సాగుతూనే ఉన్నాయి, వాటి మీద ఒక కుర్రాడి గొంతు కీచుగా లేచింది. "గట్టిగా పట్టుకోండి!"

అరుపు అరదెబ్బ ఆలస్యంగా పడింది. చివర్లో గొంతు పగిలింది కూడా.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు నెవిల్.

రాడ్నీ మళ్ళీ వేశాడు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి వేశాడు. నెవిల్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటి తీగ సరిచేస్తూ కూర్చున్నాడు. ఆ గొంతు తనదని పోల్చుకోలేకపోయాడు. మాట మాత్రం ఎవరిదో అతనికి తెలుసు. వాళ్ళ నాన్న జమైకా నుంచి వచ్చినప్పట్నుంచీ ఈ ఊరి డబుల్ డెక్కర్ల మీద కండక్టరుగా చేశాడు. గంట తాడు లాగి, వెనక మెట్టు మీద నిలబడి, ఊరంతా వినపడేట్టు ఆ మాట అరిచేవాడు. మైకు దొరకగానే నెవిల్ నోట్లోంచి ఇంకేమీ రాలేదు, అదే వచ్చింది.

"ఆ ముక్క కోసి, శుభ్రం చేసి, ఖాళీలో పెడతాను," అన్నాడు రాడ్నీ. "ఇన్నాళ్ళకి పాట పూర్తవుతుంది."

హెస్టర్ ల్యాప్‌టాప్ మూసింది. "ఇది దొరకడం చాలా గొప్ప విషయం. నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ నెవిల్ గారూ, ఏమీ అనుకోకండి, నేను దాన్ని రికార్డులో పెట్టలేను. కొనేవాళ్ళు ఆ ఖాళీ కోసమే కొంటారు. దాన్ని పూడ్చేస్తే, వాళ్ళు ఇన్నేళ్ళు నడిచిన దారికి అడ్డంగా గోడ కట్టినట్టే."

"ఆ ఖాళీ నా తప్పమ్మా," అన్నాడు రాడ్నీ. "విని విని విసుగెత్తి, అచ్చుకిచ్చేముందు ఆఖరిసారి వినకుండా టేపు ఇచ్చేశాను. ఒక్కసారి విని ఉంటే వీడికి ఈ గతి పట్టేది కాదు. మీ వాళ్ళు నా తప్పుకి పూజ చేస్తున్నారు. చేసుకోనీ. కానీ ఈసారి వీడి గొంతుతో వెయ్యి, లేకపోతే అసలు వెయ్యకు. పాట నాది."

"శనివారం హాల్లో వేసి చూద్దాం," అంది హెస్టర్. "మీరన్నట్టే గొంతుతో విడిగా ఒకే ఒక్క రికార్డు చేయిస్తాను. జనం ఎలా తీసుకుంటారో చూసి, సోమవారం ఏదో ఒకటి అచ్చుకి పంపిస్తాను."

ఇద్దరూ నెవిల్ వైపు చూశారు. అతనికి కావాలి. ఎంతగా కావాలంటే, కావాలని పైకి అనడానికి సిగ్గేసింది.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో పౌలెట్ ఉప్పుచేప నానబెట్టిన నీళ్ళు వంచి కొత్తనీళ్ళు పోస్తోంది. ఆమెతో నెవిల్ కాపురం మొదలై ఆరేళ్ళయింది. ‘టిన్ రూఫ్’ రోజుల్లో ఆమె బర్మింగ్‌హాంలో చర్చి పాటలు పాడుకుంటూ ఉండేది. ఆ గెంతుల గోల ఆమెకి అప్పుడూ పట్టలేదు, ఇప్పుడూ పట్టదు.

"రేపు నాతో వస్తావా?" అన్నాడు నెవిల్, గుమ్మానికి ఆనుకుని.

"ఎక్కడికీ? మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని గెంతేవాళ్ళ మధ్యకా?"

"నా గొంతు దొరికింది."

"పోయిందని చెప్పలేదే! ఎక్కడ పారేసుకున్నావేంటి?"

అతను క్యాసెట్టు సంగతి, అందులో వినపడిన ‘గట్టిగా పట్టుకోండి’ సంగతి చెప్పాడు. పౌలెట్ చేపముక్క తిప్పడం ఆపి, తడిచేతులు గిన్నె మీద అలాగే పట్టుకుని వింది.

"అంటే నువ్వు నిజంగానే దాంట్లో ఉన్నావా?"

"ఆరేళ్ళుగా అదేగా చెబుతున్నాను."

"చెబుతూనే ఉన్నావులే. కింగ్‌స్టన్ క్రికెట్ టీములో ఆడానని మా నాన్న కూడా చచ్చేదాకా చెప్పాడు. మగవాళ్ళు చెప్పేవన్నీ నమ్ముతూ కూర్చుంటే ఇల్లు గడుస్తుందా?" అని, అతని మొహం చూసి కాస్త తగ్గింది. "అది కాదు గానీ, అంత గుచ్చుకునేదేముందయ్యా అందులో? డిపోలో నలుగురు నవ్వితే నవ్వారు."

నెవిల్ వేలితో తలుపు చట్రాన్ని పైనుంచి కిందికి రాశాడు.

"డిపోవాళ్ళ సంగతి కాదు. రికార్డు వచ్చిన రోజు నాన్నకి వినిపించాను. ఆయన డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగీతం ఆయనకి ఎంత తలనొప్పో నాకు తెలుసు. అయినా మొత్తం విన్నాడు. విని, ‘బాగుందిరా అబ్బాయ్. ఇందులో నువ్వెక్కడ?’ అన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్పాలి? నీ మాటే అరిచాను నాన్నా, అది పోయింది, అనా? వినపడని దాన్ని ఎలా నమ్ముతాడు? ఆయన మళ్ళీ అడగలేదు. అడిగి నన్ను చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది."

పౌలెట్ గిన్నె మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుంది. "వస్తాను. కానీ గెంతను. ముందే చెబుతున్నా."

శనివారం మధ్యాహ్నం స్కేటింగు హాలు పైకప్పు అద్దాల్లోంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. ఆ వెలుగులో ఎవరి వయసూ దాగలేదు. ఒకప్పుడు వదులుగా వేలాడిన నిమ్మపండు రంగు చొక్కాలు ఇప్పుడు పొట్టల మీద బిగిశాయి. మెడల్లో పాత ఈలలు, చెవుల్లో డాక్టరు పెట్టుకోమన్న దూది బిరడాలు. ఒక మూల పెద్ద టీ పాత్ర పెట్టి, నిమ్మ కేకు ముక్కలు కోసి అమ్ముతున్నారు. మనవడిని కూతురి దగ్గర దించి వచ్చానని ఒకామె, ఆరింటికల్లా కుక్కకి అన్నం పెట్టాలని ఒకాయన. మా తరం సంబరాలు ఇంతకొచ్చాయి. అయినా డ్రమ్ములు మొదలయ్యేసరికి ఎవరూ కూర్చోలేదు.

నెవిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పౌలెట్ పక్కన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కదలకుండా వినాలని ముందే నిర్ణయించుకున్నాడు. హెస్టర్ స్పీకరు పక్కనే చోటు చూసుకుంది. స్టేజీ మీద రాడ్నీ మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు ముక్కు మీదికి ఎక్కించి, కొత్త రికార్డును అంచులు మాత్రమే ముట్టుకుంటూ సంచిలోంచి తీశాడు. మెత్తటి బ్రష్షుతో ఒక్క చుట్టు తుడిచాడు. ముల్లు దించేముందు జనంలో నెవిల్ కోసం వెతికి, స్తంభం దగ్గర చూసి, చెయ్యెత్తాడు.

పియానో మొదలవగానే హాలు గుర్తుపట్టింది. కేకు ప్లేట్లు ఎక్కడివక్కడ పెట్టేసి వచ్చారు. మోకాలి పట్టీల సంగతి మోకాళ్ళు మర్చిపోయాయి. నెవిల్ పాదం ఒకటి ముందు కదిలింది. దాన్ని ఆపాడు. రెండోది కదిలింది. ఎవరో ఎరగని ఆవిడ, అతని వయసే ఉంటుంది, దాటిపోతూ నవ్వి చెయ్యి పట్టి లాగింది. ఒక్క క్షణమే కదా అని వెళ్ళాడు. వెళ్ళినవాడు మధ్యలో ఉన్నాడు. నాలుగువైపులా భుజాలు, చెమట, నవ్వులు. డ్రమ్ములు మీదికి మీదికి వస్తున్నాయి. అతను ఏమీ ఆలోచించడం లేదు.

ఆ నాలుగు దెబ్బల చోటు వచ్చింది. హాల్లో ప్రతి చెయ్యీ లేచింది, ప్రతి నోరూ తెరుచుకుంది. పైకప్పు అద్దాలు అదిరేట్టు అరుపు లేచింది.

పాట అయిపోయింది. నెవిల్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు. రాడ్నీ తర్వాతి రికార్డు తగిలించేసి స్టేజీ దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. హెస్టర్, పౌలెట్ కూడా చేరారు.

"విన్నావా? ఎలా ఉందిరా?" అన్నాడు రాడ్నీ.

"ఎక్కడ వింటాన్రా," అన్నాడు నెవిల్ ఊపిరి కూడదీసుకుంటూ. "నేనూ అరుస్తున్నానుగా."

రాడ్నీ మొహం పాలిపోయింది. హెస్టర్ వైపు తిరిగాడు.

"స్పీకరు పక్కనున్నా నాకూ వినపడలేదు," అంది ఆమె మెల్లగా.

"నేనైతే చెవి అటే పెట్టుకుని నిలబడ్డాను," అంది పౌలెట్. "ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

"సరే. ఏం పర్లేదు," అన్నాడు రాడ్నీ. "మళ్ళీ వేస్తాను. ఈసారి ముందే మైకులో చెబుతాను. అక్కడ ఎవరూ అరవొద్దు, మావాడి గొంతుంది, నోరు మూసుకుని వినండి అని. మనవాళ్ళు వింటారు. చెబితే వింటారు."

నిజమే, వింటారు. మా ఊరివాళ్ళు మర్యాదస్థులు. చేతులు కట్టుకుని నిలబడతారు, కీచుగొంతు వినపడగానే ‘పాపం’ అన్నట్టు నవ్వుతారు, అయ్యాక చప్పట్లు కూడా కొడతారు. నెవిల్‌కు అదంతా కళ్ళకు కట్టింది. ఇన్నేళ్ళు అతను కోరుకున్నది సరిగ్గా అదే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అతను హాలు వైపు చూశాడు. తనను లాగిన ఆవిడ బొంగురుపోయిన గొంతుతో స్నేహితురాలికి ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతోంది.

"వద్దురా," అన్నాడు.

"ఏంటి వద్దు?"

"వాళ్ళని నోరు మూసుకోమనకు."

"ఒరేయ్, నీకు పిచ్చా? నీ గొంతు కోసం నేను..."

"తెలుసు. నువ్వు చేసింది నేను మర్చిపోను." నెవిల్ నిటారుగా నిలబడ్డాడు. "నాన్న బస్సులో ఆ మాట అరిస్తే, ఆయన గొంతు ఎలా ఉందో ఎవడు విన్నాడ్రా? ఎవరి దగ్గరున్న కమ్మీ వాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ మాట ఉన్నది అందుకే. అందరూ పట్టుకున్నాక, ఇంకోసారి నా గొంతు వినండి అని ఆయన ఎప్పుడైనా అన్నాడా?"

రాడ్నీ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. చాలాసేపు తుడిచాడు.

"సోమవారం పాతదే పంపించమ్మా," అన్నాడు నెవిల్ హెస్టర్‌తో. "ఖాళీ ఖాళీగానే ఉండనీ."

"మరి కాగితం మీద మీ పేరు? గొంతు అని ఉంది. తీసెయ్యమంటారా?"

"ఎందుకు తీస్తావు? పేరు ఉండనీ. అది అబద్ధం కాదు."

"నా పాటకి నా మాట చెల్లదన్నమాట," అని గొణిగాడు రాడ్నీ. గొణిగి, నెవిల్ మెడ చుట్టూ చెయ్యి వేసి, ఒక్కసారి గట్టిగా దగ్గరికి లాక్కుని వదిలాడు. అప్పటికే జనం ‘టిన్ రూఫ్’ మళ్ళీ వెయ్యమని నేల తన్నుతున్నారు. అతను స్టేజీ ఎక్కి, గీతలు పడి అంచు అరిగిన తన పాత రికార్డు తీశాడు.

ఈసారి నెవిల్ మధ్యలోకి వెళ్ళలేదు. పౌలెట్ పక్కనే నిలబడ్డాడు. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి నోరు గట్టిగా మూసుకున్నాడు. ఎప్పుడూ తనూ అరవడమే తప్ప, ఆ అరుపు వినడం అతనికి ఇదే మొదటిసారి. డ్రమ్ములు ఆగాయి. హాలంతా అరిచింది. ఈలలు, కేకలు, ఎవరో తమ వీధి పేరు, ఎవరో వట్టి ఏడుపులాంటి నవ్వు. అన్నీ ఒక్క ఊపిరిలో వచ్చాయి. నెవిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

అంతలో అతని చెవి పక్కనే, చర్చిలో చివరి బెంచీదాకా వినపడే గొంతు ఒకటి లేచింది. "గట్టిగా పట్టుకోండి!"

అటు తిరిగి చూశాడు. పౌలెట్ రెండు చేతులూ పైకెత్తి ఉంది. కోటు, సంచి నేల మీద పడి ఉన్నాయి. డ్రమ్ములు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె తను చేసిన పనికి తనే బిత్తరపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి తీసి అతని భుజం మీద పొడిచింది.

"అయితే ఇప్పుడు నేనూ ఈ పాటలో ఉన్నట్టేగా?"

"ఉన్నట్టే," అన్నాడు నెవిల్, ఆమె కోటు నేల మీంచి తీసి దులుపుతూ.